మర్రాకు మీద చోటు

20 జూన్ 2004, ఆదివారం. బందరు

మల్లికార్జునరావు ఇవాళ కూడా వచ్చాడు. చర్చి నుంచి వచ్చి చొక్కా మార్చుకోకముందే గేటు దగ్గర బండి చప్పుడు. సుమలత ఆస్పత్రిలో డ్యూటీలో ఉంది కాబట్టి సరిపోయింది. ఇంట్లో ఉంటే, రొయ్యల చెరువుల ఆసామికి మనింట్లో ప్రతి ఆదివారం ఏం పనండీ అని అడిగేది.

ఈసారి వినాయకుడు కావాలట.

"తొండం, చెవులు, బొజ్జ, ఎలుక. నాలుగింటికీ పరమార్థం రాసిపెట్టండి మాస్టారూ. గురువారం రైసుమిల్లు గోడౌన్లో ప్రోగ్రాం" అన్నాడు. చేపలబజారులో నాలుగు రకాలు చూపించి సంచిలో వెయ్యమన్నట్టు.

ఎనిమిదో తరగతితో చదువు ఆపేసిన మనిషి. అవనిగడ్డ అవతల పొలాలు తవ్వి రొయ్యలు వేశాడు. రొయ్యలకి మచ్చల జబ్బొచ్చి చెరువులు ఎండిపోయాక ఈయనకి జ్ఞానోదయమైంది. ఇప్పుడు కాషాయం కండువా వేసుకుని ఊరూరా తిరిగి ప్రవచనాలు చెబుతున్నాడు. గొంతు బాగుంటుంది, అది ఒప్పుకోవాలి. గొంతులోంచి వచ్చే సరుకు మాత్రం నాది. జనవరి నుంచీ నాదే.

ఆయన కూతురు అనూష బళ్ళో నా దగ్గర తెలుగు చదువుకుంది. మా మాస్టారికి పురాణాలన్నీ నోటికొచ్చు అని తండ్రికి చెప్పిందట. మొదటిరోజు వచ్చి, "మీరైతే బయట ఎవరికీ చెప్పుకోరు కదండీ" అన్నాడు. నిజమే. జీవరత్నం అని పేరు పెట్టుకుని, సంఘ పెద్దగా చర్చిలో ముందు వరసలో కూర్చునేవాడు, విష్ణుమూర్తి చేతిలో శంఖానికి అర్థం రాసిస్తున్నానని ఎవరికి చెప్పుకుంటాడు? ఆ ఒక్క మాటతో ఈయన తెలివితక్కువవాడు కాదని తెలిసింది. అంతకన్నా మంచి అభిప్రాయం ఆయన మీద మళ్ళీ కలగలేదు.

డబ్బు తీసుకోను. ఎందుకు రాస్తున్నానంటే, ఎంత చెత్త రాస్తే అంతగా తలలూపుతారో చూద్దామని. అంతే.

వినాయకుణ్ణి అరగంటలో ముగించాను. చెవులు పెద్దవి ఎందుకంటే ఎక్కువ వినమని. నోరు కనపడదెందుకంటే తక్కువ మాట్లాడమని. ఇది చదివి మల్లికార్జునరావు కళ్ళు తుడుచుకున్నాడు. ఆ లెక్కన కుందేలు మహాజ్ఞాని.

24 జూన్, గురువారం

గోడౌన్లో చివర, గోనెసంచుల పక్కన కూర్చున్నాను. ముందు వరసలో ఒక రిటైర్డు తాసీల్దారు, డైరీలో రాసుకుంటూ. ఆయన పక్కన ఇద్దరు బంగారు కొట్ల వాళ్ళు. ఆడవాళ్ళ వైపు పట్టుచీరలు. వీళ్ళెవరికీ వినాయకుడు అక్కర్లేదు. వినాయకుడి బదులు చెప్పుకోవడానికి ఇంకేదో కావాలి. ఏనుగు తల ఉన్న పిల్లవాణ్ణి ఉన్నట్టుగా చూడ్డానికి సిగ్గు. దాన్ని వివేకం అంటే, మర్యాదస్థులు మర్యాదగా చూడొచ్చు.

"ఇన్ని లోకాలు కడుపులో ఉన్నవాడు ఎలుక మీద ఎందుకు కూర్చున్నాడండీ? తన బరువు చూపించడానికి కాదు. తన తేలిక చూపించడానికి."

చప్పట్లు.

అది నా వాక్యం. మధ్యలో ఒక క్షణం ఆగమని కూడా నేనే రాశాను. ఆగాడు. నాకేం అనిపించలేదు. ఇంటికి వస్తూ రిక్షా ఎక్కకుండా కోనేరు సెంటరు దాకా నడిచాను. గాలి బాగుంది.

1 జులై, గురువారం

శివుడు. మూడో కన్ను జ్ఞానం, చంద్రవంక మనసు, పాము కాలం, బూడిద వైరాగ్యం. పాపం, ఆయన దగ్గర ఒక్క వస్తువైనా ఊరికే ఉండటానికి వీల్లేదు.

11 జులై, ఆదివారం

మత్తయి పాస్టరుగారు ఇవాళ పెద్దచేప మింగిన యోనా గురించి చెప్పారు. చేప అంటే చేప కాదట, సమాధి అట. మూడు రోజులంటే మూడు రోజులు కాదట. ఇక్కడా అదే వ్యాపారం, దుకాణం పేరు వేరు. నాకు చేపే కావాలి. దాని కడుపులో వాసన ఎలా ఉంటుందో చెప్పమనండి. గిలకలదిండిలో పొద్దున్నే చేపల వేలం పాడి, స్నానం చేసి వచ్చి కూర్చున్న జనానికి చేప అంటే చేప కాదని చెప్పడానికి ఎంత ధైర్యం ఉండాలి.

భోజనాల దగ్గర సుమలత అడిగింది, "గురువారాలు ట్యూషనన్నారు. ఏ పిల్లలకి?"

"ఇంటర్ పిల్లలకి."

ఇంకేం అడగలేదు. ఇరవయ్యేళ్ళ నుంచీ నర్సు. ముట్టుకోకుండా జ్వరం చెప్పగలదు.

25 జులై, ఆదివారం

వచ్చే నెలాఖరుకి కృష్ణా పుష్కరాలు. మన కృష్ణ ఒడ్డు శ్రీకాకుళం రేవు దగ్గర మల్లికార్జునరావుకి రెండు సాయంత్రాలు ఇచ్చారట. మొదటిరోజు ప్రళయం, మర్రాకు మీద పిల్లవాడు. రెండో రోజు శేషశయనం.

"దివిసీమ జనం వస్తారు మాస్టారూ. నీళ్ళ గురించి చెబుతాను."

"నీళ్ళు వద్దు. వెన్నదొంగని చెప్పుకోండి" అన్నాను.

"ఎందుకనండీ?"

"ఊరికే."

"మీదీ దివిసీమే కదా. డెబ్బయ్యేడులో ఉప్పెనొచ్చినప్పుడు ఎక్కడున్నారు?"

"గుడివాడలో. చదువుకుంటున్నాను. పరీక్షలు."

తల ఊపి ఊరుకున్నాడు. ఈయన ఊరుకోవడం కూడా ప్రవచనంలాగే ఉంటుంది.

పరీక్షలు కాబట్టి వెళ్ళలేదు.

8 ఆగస్టు, ఆదివారం

ప్రళయం రాయడానికి కూర్చున్నాను.

ఉప్పెన తగ్గిన వారానికి మా పేటకి రెండు లారీలు వచ్చాయి. ఒక లారీ వాళ్ళు రొట్టెలు పంచుతూ నోవహు కాలపు జలప్రళయం గురించి చెప్పారు. ఇంకో లారీ వాళ్ళు పులిహోర పొట్లాలు పంచుతూ కలియుగం గురించి చెప్పారు. రెండు లారీల దగ్గరా చెయ్యి చాపాను. రెండూ తిన్నాను. నీళ్ళకి అర్థం లేదు. సముద్రం పొంగితే పల్లానికి వస్తుంది. అంతే.

మార్కండేయుడు ఒంటరిగా నీళ్ళలో పడి తిరగడం, ఎక్కడా నేల తగలకపోవడం, అరిస్తే తన గొంతు తనకే తిరిగి రాకపోవడం, ఆఖరికి ఒక మర్రాకు, దాని మీద పసివాడు. పదమూడు పేజీలు. కింద అర్థం తగిలించాను. ఆకు మనసు, పసివాడు చైతన్యం. చివర ఒక వాక్యం: "మునిగినదంతా మునగవలసిందే. ఉండవలసింది ఆకు మీద ఉంది."

బాగా వచ్చింది. బాగా రావడం నాకు నచ్చలేదు. అయినా ఫెయిర్ చేశాను.

19 ఆగస్టు, గురువారం

పుష్కరాల స్టేజీ మీద పెట్టే శేషశయన విగ్రహానికి చిలకలపూడిలో రోల్డుగోల్డు కిరీటం చేయించాడట. చూపించడానికి తెచ్చాడు. "తళతళలాడితే చాలు మాస్టారూ, అక్కడెవరు గీటు పెట్టి చూస్తారు?" అన్నాడు. నా రాతల గురించి అన్నాడేమోనని ఆయన మొహం చూశాను. కాదు. కిరీటం గురించే.

28 ఆగస్టు, శనివారం

పుష్కరాలు మొదలు. బస్సులన్నీ తడిబట్టల వాసన.

30 ఆగస్టు, సోమవారం

బడి పని అని చెప్పి శ్రీకాకుళం వెళ్ళాను. రేవు పక్కన పందిరి. ఎదురుగా కృష్ణ, నిండుగా. చివరి వరసలో కూర్చున్నాను.

మల్లికార్జునరావు బాగా చెప్పాడు. "నీళ్ళు, నీళ్ళు, నీళ్ళు" అని మూడుసార్లు అనమని రాస్తే నాలుగోసారి కూడా అన్నాడు. దివిసీమ నుంచి వచ్చిన ముసలివాళ్ళు కొందరు తలలు దించుకున్నారు. నేను చూశాను. చూసి, బాగా పనిచేస్తోంది అనుకున్నాను. ఇది రాసిపెట్టుకోవాలి. ఆ మాటే అనుకున్నాను.

చివరికి వచ్చాడు. "మునిగినదంతా మునగవలసిందే. ఉండవలసింది ఆకు మీద ఉంది."

ఆడవాళ్ళ వైపు నుంచి ఒకావిడ లేచి నిలబడింది. అరవై దాటి ఉంటాయి. నేతచీర, చేతిలో ఇత్తడి చెంబు.

"అయ్యా, ఒక మాట అడగొచ్చా?"

"అడగండమ్మా."

"ఆ మర్రాకు మీద ఒక్క పిల్లాడికే చోటా?"

ఎవరో నవ్వారు. మల్లికార్జునరావు కూడా చిన్నగా నవ్వాడు.

"ఎందుకడుగుతున్నారమ్మా?"

"నాకు ఇద్దరండి."

నవ్విన మనిషి ఆపేశాడు. మల్లికార్జునరావు కాగితం చూశాడు. తిప్పి వెనక చూశాడు. వెనక ఏముంటుంది. కళ్ళజోడు పైనుంచి చివరి వరసలోకి, నావైపు చూశాడు. నేను నది వైపు తిరిగాను.

తిరిగి చూసేసరికి మైకు బల్ల మీద పెట్టి స్టేజీ దిగుతున్నాడు. వెళ్ళి ఆవిడ పక్కన చాప మీద కూర్చున్నాడు. నిర్వాహకులు కాసేపు చూసి భజన క్యాసెట్టు పెట్టారు.

ఆవిడ పేరు పుష్పావతి. కోడూరు దగ్గరట. బస్సులో ఎవరో చెప్పుకుంటుంటే విన్నాను.

31 ఆగస్టు

జ్వరం. బడికి వెళ్ళలేదు.

1 సెప్టెంబరు, బుధవారం

సాయంత్రం మల్లికార్జునరావు వచ్చాడు. సుమలతే తలుపు తీసింది. ఆయన ఆవిడకి నమస్కారం పెట్టి నేరుగా నా మంచం దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. ఇక దాచడానికి లేదు.

"ఆవిడకి ఏం చెప్పాలి మాస్టారూ?"

"ఆకు అంటే ఆకు కాదు, మనసు అని చెప్పండి. పిల్లాడంటే పిల్లాడు కాదని చెప్పండి. చైతన్యానికి ఒకటీ రెండూ ఉండవని చెప్పండి."

"అది ఆవిడ మొహం చూసి మీరు చెప్పగలరా?"

"చెప్పేది మీరు కదా. నేను రాస్తాను, మీరు చిలకలాగా అప్పజెబుతారు. ఇన్నాళ్ళూ చేసింది అదేగా."

సుమలత వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. ఆయనకి కోపం వస్తుందనుకున్నాను. రావాలనే అన్నాను.

"నిజమే" అన్నాడు.

ఆ 'నిజమే' విన్నాక నాకు ఒళ్ళు మండింది. "నీళ్ళకి అర్థం లేదండీ. వెధవ సముద్రం పొంగింది. పల్లంలో ఉన్నవాళ్ళు పోయారు. దానికి పరమార్థం లేదు, పామూ లేదు, ఆకూ లేదు. తెలుసుకోవాలని ఉంటే అది తెలుసుకోండి."

"మీవాళ్ళు ఎవరు పోయారు?"

"నేను గుడివాడలో ఉన్నాను. పరీక్షలు."

"మీరెక్కడున్నారని నేనడగలేదు మాస్టారూ."

దుప్పటి గొంతుదాకా లాక్కున్నాను.

"అమ్మ. చెల్లెలు కరుణ" అన్నాను.

ఆయన లేచి, నా దుప్పటి కాళ్ళ మీదకి సర్ది వెళ్ళిపోయాడు. నాకు దుప్పటి సర్దడానికి ఆయనెవరు.

2 సెప్టెంబరు, గురువారం

పరీక్షలు లేవు.

రాస్తాను. ఎవరూ చదవరు.

ఉప్పెనకి ముందు ఇంటి నుంచి ఒక కార్డొచ్చింది, కరుణ రాసింది. అమ్మకి రాయడం రాదు. కరుణకి కళ్ళు సరిగా కనపడేవి కావు, అందుకని పెద్దపెద్ద అక్షరాలు, కార్డు మీద నాలుగు వరసలే పట్టాయి. "అన్నయ్యా, శుక్రవారం సాయంత్రానికి రమ్మంటోంది అమ్మ. శనివారం పొద్దున్నే బందరు ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. నా కళ్ళు చూపించాలి."

ఆ శుక్రవారం గుడివాడలో ఒక పండితుడి పురాణం ఆఖరిరోజు. క్షీరసాగర మథనం. నెలరోజులుగా వింటున్నాను. చెప్పులు విడిచేచోట నిలబడి వినేవాణ్ణి, ఎవరన్నా పేరు అడుగుతారేమోనని. ఆయన ఒక్కదానికీ అర్థం చెప్పలేదు. కథ చెప్పాడు. కొండ తిరుగుతుంటే తాబేలుకి వీపు గోకినట్టు హాయిగా ఉండి కళ్ళు మూసుకుందని చెబితే, అందరితో పాటు నేనూ నవ్వాను. శనివారం పొద్దున వెళ్దాంలే అనుకున్నాను.

శనివారం పొద్దున బస్టాండులో బస్సులు లేవు. వాన. సాయంత్రానికి సముద్రం వచ్చింది.

నేను శుక్రవారం వెళ్ళి ఉంటే, శనివారం పొద్దున్నే మొదటి బస్సుకి బయల్దేరేవాళ్ళం. బందరులోనూ గాలి కొట్టింది. కానీ ఆస్పత్రి మేడ. మేడ మీద ఉండేవాళ్ళు.

అయిదో రోజుకి నడిచి చేరాను. మా ఇల్లు ఏదో తెలియలేదు.

పరీక్షలని పాస్టరుగారికి చెప్పాను. పెళ్ళిచూపుల్లో సుమలతకి చెప్పాను. ఉద్యోగం ఇంటర్వ్యూలో, అడక్కపోయినా చెప్పాను.

4 సెప్టెంబరు, శనివారం

వెళ్ళకూడదనుకున్నాను. వెళ్ళాను. జ్వరం తగ్గింది కాబట్టి.

శేషశయనం. బుధవారం గొడవకి ముందే రాసిచ్చిన కాగితాలు ఆయన చేతిలో ఉన్నాయి. కిరీటం తళతళలాడుతోంది. పుష్పావతి అనే ఆవిడ మళ్ళీ వచ్చింది, ముందు వరసలో కూర్చుంది. మల్లికార్జునరావు కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఇన్నాళ్ళూ మీరు మెచ్చుకున్న మాటలు నావి కావండీ" అన్నాడు. "బందరులో జీవరత్నం మాస్టారని, పెద్ద పండితులు. ఆయన రాసిచ్చారు, నేను అప్పజెప్పాను. పేరు నేను కొట్టేశాను. అదుగో, చివర కూర్చున్నారు."

తలలన్నీ తిరిగాయి. బందరు నుంచి వచ్చిన రిటైర్డు తాసీల్దారు నా పేరు పక్కవాణ్ణి మళ్ళీ అడిగాడు. జీవరత్నమా, అని. ఆ 'మా'లో అంతా ఉంది.

"ఇప్పుడు చెప్పేది మాత్రం నాదే. ఉప్పెన నాటికి నాకు ఇరవయ్యెనిమిదేళ్ళు. నీళ్ళు నన్ను తీసుకెళ్ళి ఒక తుమ్మచెట్టు మీద పడేశాయి. పట్టుకున్నాను. కాసేపటికి చూస్తే పై కొమ్మకి చుట్టుకుని తాచుపాము. దిగితే నీళ్ళు, ఎక్కితే పాము. అది నన్ను చూసింది, నేను దాన్ని చూశాను. తెల్లారేదాకా అది కదల్లేదు, నేనూ కదల్లేదు. నీళ్ళు తీశాక అదే ముందు దిగి వెళ్ళిపోయింది. శేషం అంటే మిగిలినది అని మాస్టారు రాశారు. ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోయానండీ. ఆ చెట్టు మీద మిగిలింది ఎవరు? పామూ, నేనూ. దేవుడు శేషుడి మీద పడుకున్నాడంటే, పటం చూసి మెత్తటి పరుపనుకుంటాం. మిగిలినవాళ్ళ మీద ఆయన బరువంతా వేసి పడుకున్నాడు. మొయ్యాలి. నాకు తెలిసింది ఇంతే. పుష్పావతమ్మగారూ, మీరడిగినదానికి నా దగ్గర జవాబు లేదు."

అబద్ధమేమో అని చూశాను. అలవాటు కొద్దీ చూశాను. అబద్ధం చెప్పేవాడైతే తుమ్మముళ్ళ గురించి చెప్పి ఉండేవాడు. ముళ్ళ మాటే ఎత్తలేదు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. "మాస్టారూ, ఒక్కసారి పైకి రండి" అన్నాడు మైకులో. నేను లేచి, చెప్పులు వేసుకుని, పందిరి దాటి బస్సు ఆగేచోటికి వెళ్ళిపోయాను.

బస్సు లేదు. అరుగు మీద కూర్చున్నాను. కాసేపటికి ఆవిడ వచ్చింది. పుష్పావతి. చెంబు పక్కన పెట్టి అరుగు అవతలి చివర కూర్చుంది.

"మునగవలసిందే అని రాసింది నువ్వేనా బాబూ?"

"నేనేనండి."

"అది నాకొద్దు."

"నాకూ వద్దండి. ఊరికే రాశాను. మాట బాగుందని రాశాను."

"నీ వాళ్ళెవరన్నా పోయారా?"

చెప్పాను. అమ్మ, కరుణ, కార్డు, శుక్రవారం, పురాణం, తాబేలు. ఎందుకు చెప్పానో తెలియదు. సుమలతకి చెప్పనిది, బస్టాపులో ఒక పరాయి మనిషికి చెప్పాను. ఆవిడ అయ్యో అనలేదు. అని ఉంటే అక్కడితో ఆపేసేవాణ్ణి.

"ఆ శుక్రవారమే" అంది. "నా పిల్లలు చల్లపల్లిలో మా అమ్మ దగ్గరున్నారు. రెండు రోజులు ఉంచవే అని అమ్మ బతిమాలింది. బడి పోతుందని నేనే వెళ్ళి తెచ్చుకున్నాను. మా ఆయనకి మాత్రం, మా అమ్మే పంపించేసిందని చెప్పాను. ఆయన చచ్చిపోయేదాకా మా అమ్మ గడప తొక్కలేదు. మా అమ్మ కూడా, నేను పంపలేదయ్యా అని ఒక్కసారి అనలేదు. నా కోసం ఊరుకుంది."

అవనిగడ్డ బస్సు వచ్చింది. ఆవిడ లేచింది.

"ఎవరికీ చెప్పలేదు ఇది. నువ్వు కూడా రాయబోకు."

రాశాను. ఈ ఒక్కచోటే.

5 సెప్టెంబరు, ఆదివారం

చర్చికి వెళ్ళలేదు. సుమలత కూడా ఆగిపోయింది. పొద్దున కాఫీ దగ్గర మొత్తం చెప్పాను, ప్రవచనాలు, గురువారాలు, కార్డు. కార్డు దగ్గరికి వచ్చేసరికి ఆవిడ గ్లాసు కింద పెట్టింది.

"పెళ్ళిచూపుల్లో మిమ్మల్నెవరూ అడగలేదు. మీరే చెప్పారు, పరీక్షలని. అప్పుడే అనుకున్నాను."

"ఏమనుకున్నావు?"

"ఏదో ఉందని. అది తగ్గేది కాదనీ."

"మరి ఎందుకు చేసుకున్నావు?"

"తగ్గని రోగాలున్నవాళ్ళు బతకట్లేదా" అంది. లేచి బియ్యం కడగడానికి వెళ్ళింది. కాసేపటికి లోపల్నుంచి, "కరుణ ఎలా ఉండేది?" అని అడిగింది. ఇరవయ్యేళ్ళలో అడగడం ఇదే మొదటిసారి. నేను అడగనిచ్చేవాణ్ణి కాదు. వంటింట్లోకి వెళ్ళి పీట వేసుకుని కూర్చున్నాను. అన్నం మాడింది.

12 సెప్టెంబరు, ఆదివారం

మత్తయి పాస్టరుగారు ఇద్దరు పెద్దల్ని వెంటబెట్టుకుని వచ్చారు. ముగ్గురూ కుర్చీల అంచుల మీద కూర్చున్నారు, ఇంట్లో ఏదన్నా అంటుకుంటుందేమోనన్నట్టు. పండితుడనే గర్వం వల్ల ఇలా జరిగిందని ఒక పెద్ద అన్నారు. ఆయన ముప్పయ్యేళ్ళుగా కీర్తనల పుస్తకం తలకిందులుగా పట్టుకుని పాడుతున్నా నేను ఎవరికీ చెప్పలేదు. ఇవాళా చెప్పలేదు. పెద్దరికం తీసేశారు. "ప్రార్థన చేస్తాం మీ కోసం" అన్నారు వెళ్తూ. చేయనీ.

అటు మల్లికార్జునరావుకి కూడా అదే మర్యాద జరిగింది. ఎవరో క్రైస్తవుడు రాసిన పరమార్థానికి మేం తలూపామా అని మిల్లు యజమాని గోడౌను ఇవ్వనన్నాడట. వినాయకుడి చెవులు మెచ్చుకున్న బంగారు కొట్ల వాళ్ళు ఫోను ఎత్తడం లేదట. సాయంత్రం ఆయనే వచ్చి ఈ కబురంతా నవ్వుతూ చెప్పారు.

"నన్నడక్కుండా నా పేరు చెప్పే హక్కు మీకెవరిచ్చారు?" అన్నాను.

నవ్వు పోయింది. "తప్పే మాస్టారూ. నా బరువు దించుకోవడానికి మిమ్మల్ని బజార్న పెట్టాను. మీ చర్చి సంగతి ఆలోచించలేదు."

"ఆలోచించాల్సింది."

"అవునండి."

తప్పయిందని ఇంత తొందరగా ఒప్పుకునేవాళ్ళతో గొడవ పెట్టుకోవడం కష్టం. సుమలత టీ ఇచ్చింది. ఆయన తాగుతూ, పుష్పావతిగారు మిమ్మల్ని రమ్మని కబురు చేసిందన్నారు.

"ఎందుకట?"

"చెప్పలేదండి. తీరికున్నప్పుడు రమ్మంది."

19 సెప్టెంబరు, ఆదివారం

ఆరాధన అయ్యాక, చివరి వరసలోంచి లేచి, నేనూ సుమలతా కోడూరు బస్సెక్కాం. పులిగడ్డ దాటి దివిసీమలోకి వచ్చాం. డెబ్బయ్యెనిమిదిలో పెట్టె పట్టుకుని వచ్చేశాక ఈ దారిన మళ్ళీ రాలేదు. సుమలత కిటికీ పక్క చోటు నాకిచ్చింది. రెండువైపులా చేపల చెరువులు, వరి. ఏం జరగనట్టే ఉంది. సిగ్గులేని నేల.

పుష్పావతిగారిది తుపాను తర్వాత కట్టిన రెండు గదుల ఇల్లు. గోడ మీద ఒక దేవుడి పటం, ఒక క్యాలెండరు. పిల్లల ఫొటోలు లేవు. ఉండటానికి ఎవరు తీశారు. చాప వేసింది. సుమలతని పక్కన కూర్చోబెట్టుకుని, ఏ ఆస్పత్రి, జీతం సరిగా ఇస్తారా, అని అడిగింది. నన్ను పట్టించుకోలేదు. నేను ఏ క్షమాపణ చెప్పాలా అని వాక్యాలు కూర్చుకుంటున్నాను. ఒకటి బాగా కుదిరింది. బాగా కుదిరింది కాబట్టి చెప్పకూడదని దాన్ని వదిలేశాను.

"ఆ రోజు ఆయన కథ ఆకు దగ్గరే ఆపేశాడు బాబూ" అంది నావైపు తిరిగి. "నేను అడ్డం లేచాను. తర్వాత క్యాసెట్టు పెట్టేశారు. నువ్వు మొత్తం చెప్పు."

"అర్థం చెప్పకుండా చెబుతాను" అన్నాను.

"అర్థం సంగతి నేను చూసుకుంటాను. నువ్వు కథ చెప్పు."

కాగితం లేదు. మొదటిసారి నా గొంతుతో నేను చెబుతున్నాను. మల్లికార్జునరావుగారి గొంతు కాదు నాది, పీలగా ఉంటుంది. మార్కండేయుడి గురించి చెప్పాను. వాన గురించి చెప్పాను. నీళ్ళ దగ్గర ఆగాను. ఆవిడ తొందరపెట్టలేదు. సుమలత కిందికి చూస్తూ చాప అంచు పుల్ల గిల్లుతోంది. మళ్ళీ ఎత్తుకున్నాను. అన్నీ పోయాక, ఎన్నాళ్ళు తిరిగాడో తెలియక, ఇక చాలు అనుకున్న చోట, నీళ్ళ మీద మర్రాకు.

"దాని మీద పసివాడు పడుకుని ఉన్నాడమ్మా."

"ఏడుస్తున్నాడా?"

"లేదు. రెండు చేతులతో కాలు పైకి లాక్కుని, బొటనవేలు నోట్లో పెట్టుకుని చీకుతున్నాడు."

"ఆకలేసి ఉంటుంది" అంది పుష్పావతిగారు.

ఆ బొటనవేలికి మన పండితులు రాసిన భాష్యాలు నాకు నాలుగైదు తెలుసు. ఏదీ గుర్తు రాలేదు. సుమలత తల ఎత్తి ఆవిడని చూసింది.

"తర్వాత?" అని అడిగింది ఆవిడ. తర్వాత పసివాడు ఊపిరి పీలుస్తాడు, మార్కండేయుడు ఆ కడుపులోకి వెళ్ళిపోతాడు, మునిగిన ఊళ్ళూ మనుషులూ అన్నీ అక్కడుంటాయి.

చెప్పాను.